అల్లిన తాడు: ఎన్ని పాయలు, ఏ పనికి, ఏ అర్థంతో

తాడు చేయడానికి మనకి రెండు పద్ధతులున్నాయి, పేనడం ఒకటి, అల్లడం ఇంకోటి. ఇంట్లో తాడు చేసుకుందామని కూర్చునేవాళ్లకి ముందు ఈ రెంటి తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. బావి చాంతాడు, మంచం నులక, ఎద్దు పలుపు, కొబ్బరి తాడు, ఇవన్నీ పేనినవి. పోగులన్నీ కలిపి ఒక వైపుకి పురి పెట్టి పాయ చేస్తారు, ఆ పాయల్ని కలిపేటప్పుడు ఎదురు వైపుకి పురి పెడతారు, ఒక పురి విప్పుకోబోతే రెండోది బిగుసుకుంటుంది, అందుకే అది తాడుగా నిలబడుతుంది. లంగా బొందు, షూ లేస్, జెండా కర్ర తాడు అల్లినవి. వీటికి పురితో పని లేదు. పాయలు ఒకదాని మీద నుంచి ఇంకోటి దాటుతూ వెళ్లి ఒకదాన్నొకటి నొక్కి పట్టుకుంటాయి.

తేడా కంటితో చూడాలంటే పేనిన తాడుకి నీళ్ల బకెట్ కట్టి వేలాడదీయండి. బరువు పడగానే పురి కాస్త వదులై బకెట్ గిర్రున తిరుగుతుంది. అల్లిన తాడుకి కడితే అలా తిరగదు, ఎందుకంటే సగం పాయలు కుడి నుంచి ఎడమకి, మిగతా సగం ఎడమ నుంచి కుడికి వెళ్తాయి, ఇటువైపు లాగే పాయకి అటువైపు లాగే పాయ సరిపోతుంది. అలాగని పేనిన తాడు తక్కువదేం కాదు. పొడవాటి తాడు తొందరగా కావాలంటే పేనడమే మంచిది, దారం తక్కువ పడుతుంది, తెగితే పాయలు విప్పి ఒకదాంట్లో ఒకటి దూర్చి అతకొచ్చు కూడా. రోజూ మడతపడేది, ఒంటికి తగిలేది, కన్నంలోంచి జారేది, తిరగకుండా ఉండాల్సింది, ఇలాంటి వాటికి మాత్రం అల్లిన తాడే వాడండి.

అల్లిక ఎలా పడుతుందో మనుషుల్లో చూడాలంటే జడ కోలాటం చూడాలి. పైన ఒకచోట రంగురంగుల తాళ్లు కట్టి, ఆడేవాళ్లు ఒక్కొక్కరు ఒక్కో తాడు కొస ఒక చేత్తో, కోలాటం కర్ర ఇంకో చేత్తో పట్టుకుంటారు. సగం మంది ఇటు, సగం మంది అటు తిరుగుతూ ఎదురొచ్చినవాళ్లని ఒకసారి లోపల నుంచి, ఇంకోసారి బయట నుంచి దాటుతారు. పాట నడిచేకొద్దీ పైనుంచి కిందకి జడ పడుతూ వస్తుంది, అవే అడుగులు వెనక్కి వేస్తే ఒక్క చిక్కు లేకుండా విడిపోతుంది. ఒక్కరు లోపలకి వెళ్లాల్సిన చోట బయట నుంచి వెళ్లారంటే అక్కడ ముడి పడి అందరూ ఆగాల్సిందే. బొందులూ లేసులూ అల్లే మెషీన్లలో దారపు కండెలు కూడా సరిగ్గా ఇలాగే, సగం ఇటు సగం అటు పరిగెడుతూ దాటుకుంటాయి. చేత్తో అల్లేటప్పుడు మీ వేళ్లు చేసేదీ అదే పని.

దారం, కొలత

ఒంటికి తగిలేదైతే నూలు. వేరే ఆలోచన వద్దు. మొలతాడు, చేతి తాడు, లంగా బొందు, పిల్లల వస్తువులు, అన్నింటికీ నూలే. ముడి వేస్తే జారదు, ఉతకొచ్చు, తడిస్తే దాని బలం కొంచెం పెరుగుతుంది కూడా. పట్టుదారం అందంగా ఉంటుంది కానీ జారుడు ఎక్కువ, అల్లిక చేతిలో కుదిరాకే దాని జోలికి వెళ్లండి. జనపనార, గోగునార మొక్కల కుండీలకీ, ఉట్టికీ, గోడకి వేలాడదీసేవాటికీ బాగుంటాయి. గోగునార ఉత్తరాంధ్రలో బాగా తెలిసిన సరుకే, విజయనగరం, శ్రీకాకుళం వైపు గోగు పండించి, కట్టలు నీళ్లలో నానబెట్టి నార తీసేవాళ్లు, అక్కడి జూట్ మిల్లులు నడిచింది ఆ నార మీదే. నార ఏదైనా పొడిగా అల్లకండి, చెయ్యి గీరుకుపోతుంది, పాయ కూడా పొరలుగా లేస్తుంది. కాస్త తడిపి, నీళ్లు పిండేసి, చెమ్మగా ఉండగా అల్లితే మెత్తగా వంగుతుంది, ఆరాక అలాగే కుదురుకుంటుంది. నార తాడుని ఎప్పుడూ తడిగా ఉండే చోట మాత్రం వాడొద్దు, కుళ్లిపోతుంది.

నైలాన్ బాగా సాగుతుంది, పాలిస్టర్ అంతగా సాగదు, అందుకని బిగువుగా నిలవాల్సిన దండేనికి పాలిస్టర్ మంచిది. బజారులో చవగ్గా దొరికే నీలం, పచ్చ ప్లాస్టిక్ తాళ్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్, నీళ్లలో తేలతాయి, కానీ ఎండకి పెళుసెక్కి పొట్టు రాలతాయి, మేడ మీద కట్టే దండేనికి అవి పనికిరావు.

కొత్తగా నేర్చుకునేవాళ్లు సన్నదారం తీసుకోవద్దు. మాక్రమే దారమని అమ్మే మూడు, నాలుగు మిల్లీమీటర్ల నూలు తాడు తీసుకోండి, మూడు రంగుల్లో తీసుకుంటే ఏ పాయ ఎటు వెళ్తోందో తెలుస్తుంది. అదీ వద్దనుకుంటే పాత టీషర్టు అడ్డంగా రెండు వేళ్ల వెడల్పున చీల్చి లాగండి, అంచులు లోపలికి చుట్టుకుపోయి గుండ్రటి దారంలా తయారవుతుంది, నేర్చుకోవడానికి అంతకంటే మంచి సరుకు లేదు.

ఇక కొలత. అల్లాక మీటరు తాడు రావాలంటే మూడు, నాలుగు పాయల అల్లికకి ఒక్కో పాయ మీటరున్నర తీసుకోండి, దారం లావుగా ఉంటే ఇంకో జానెడు కలపండి. కింద చెప్పే అట్టబిళ్ల అల్లికకి ఒక్కో పోగు దాదాపు మూడు మీటర్లు కావాలి. మిగిలితే కుచ్చు వేసుకోవచ్చు, తక్కువైతే చేయగలిగింది ఏమీ లేదు.

పొడుగు పోగులు కింద చిక్కుపడి విసిగిస్తాయి. ఒక్కో పోగుని బొటనవేలికీ చిటికెన వేలికీ మధ్య ఎనిమిది అంకెలా చుట్టి, నడుమ రబ్బరు బ్యాండ్ వేసి వదలండి. లాగితే కావలసినంతే వస్తుంది.

మూడు పాయలు

జడ వేయడం వచ్చినవాళ్లకి ఇది వచ్చినట్టే. కుడి పాయ నడిమి దాని మీదకి, ఎడమ పాయ కొత్త నడిమి దాని మీదకి, అంతే. కానీ జడ అల్లిన చేతికి కూడా తాడు మొదట్లో వంకర్లు పోతుంది, కారణం ఎప్పుడూ ఒకటే, టెన్షన్. తలకైతే వెంట్రుకలు తమంతట తాము బిగువుగా ఉంటాయి, తాడుకి ఆ బిగువు మీరే ఇవ్వాలి. పై కొసని తలుపు గొళ్లానికో, కిటికీ ఊచకో, బల్ల అంచుకి క్లిప్‌తోనో గట్టిగా కట్టండి. ఒళ్లో పెట్టుకుని అల్లొద్దు.

ఒక పాయని దాటించిన ప్రతిసారీ దాన్ని పక్కకి లాగండి, కిందకి కాదు. కిందకి లాగితే ఆ పాయ నిటారుగా సాగిపోయి మిగతా రెండూ దాని చుట్టూ వదులుగా తిరుగుతాయి. పక్కకి లాగితే అల్లిక పైకి వెళ్లి కూర్చుంటుంది. నాలుగు వేళ్ల మేర అల్లాక ఆపి దగ్గరగా చూడండి. రెండు అంచుల్లోనూ మెలికలు ఒకే సైజులో ఉండాలి, పాయలు కలిసే కోణం పై నుంచి కింద దాకా ఒకేలా ఉండాలి. ఒక అంచు నున్నగా, ఇంకో అంచు ముద్దలు ముద్దలుగా ఉంటే మీ ఒక చెయ్యి ఎక్కువ లాగుతోందన్నమాట. కుడిచేతి వాటం వాళ్లకి కుడి పక్కే బిగుస్తుంది. ఆ చెయ్యి కాస్త వదులు చేస్తే సర్దుకుంటుంది, అల్లినదాన్ని విప్పి మళ్లీ మొదలుపెట్టడానికి బద్ధకించొద్దు.

మధ్యలో పాయ అయిపోతే కొత్తది ముడి వేసి కలపకండి. పాత కొసా కొత్త కొసా ఒక జానెడు దూరం జంటగా నడిపించి అల్లేయండి, తర్వాత బయటికొచ్చిన కొసలు కత్తిరిస్తే చాలు. ఒకేచోట రెండు పాయలకి అతుకు రాకూడదు, అందుకే మూడు పాయలూ మూడు వేరు వేరు పొడవుల్లో మొదలుపెట్టడం మంచిది.

మూడు పాయల తాడు చదునుగా వస్తుంది. బ్యాగు పట్టీకి, కర్టెన్ కట్టడానికి, చుట్టి కుట్టి డోర్‌మ్యాట్ చేయడానికి ఇది చక్కగా ఉంటుంది. కన్నంలోంచి దూరాల్సిన చోట గుండ్రటిది కావాలి.

నాలుగు పాయల గుండ్రటి తాడు

నాకు బాగా ఇష్టమైన అల్లిక ఇది, నేర్చుకుంటే జీవితాంతం వాడుకుంటారు. నాలుగు పాయలు పక్కపక్కన పెట్టండి. కుడి చివరి పాయ తీసుకుని, దాని పక్కనున్న రెండు పాయల వెనక నుంచి ఎడమకి పోనిచ్చి, ఎడమ చివరి పాయకీ దాని పక్క పాయకీ మధ్యలోంచి ముందుకి తీసి, ఆ పక్క పాయ మీదుగా మళ్లీ కుడికి తెచ్చి వదలండి. ఇప్పుడది లోపలి రెండింటిలో కుడి పాయగా కూర్చుంటుంది. తర్వాత ఎడమ చివరిది తీసుకుని ఇదే పని అటు నుంచి ఇటు చేయండి, రెండింటి వెనకగా వెళ్లి, ముందుకొచ్చి, ఒకదాని మీదుగా తిరిగి ఎడమ వైపుకి. ఇక కుడి, ఎడమ, కుడి, ఎడమ. వెనక రెండు, ముందు ఒకటి, అని లోపల అనుకుంటూ చేస్తే తప్పదు.

మొదటి నాలుగైదు మెలికలు చూసి ఇది తాడు కాదేమో అనిపిస్తుంది, చదునుగా వదులుగా ఉంటుంది. కానివ్వండి. అంగుళం దాటాక చివరి పాయలు రెండూ చెరో వైపు సమంగా లాగితే గుండ్రంగా ముడుచుకుంటుంది. రెండు రంగులు తీసుకుని ఎడమ రెండు ఒక రంగు, కుడి రెండు ఇంకో రంగు పెట్టి చూడండి, ఏ పాయ ఎటు తిరిగిందో తెలిసిపోతుంది.

లంగా బొందు, పైజామా బొందు, తాళాల గుత్తి తాడు, కళ్లజోడు తాడు, మొలతాడు, అన్నీ దీంతో చేసుకోవచ్చు. బొందుకైతే అల్లడం అయ్యాక తడిపి, కాస్త బరువు కట్టి ఆరేయండి, సాగాల్సినంత ముందే సాగిపోతుంది. తర్వాత పిన్నీసు గుచ్చి ఎక్కించండి.

వడిసెల

అల్లిన తాడు గురించి చెప్పి వడిసెల చెప్పకపోతే ఈ రాతకి న్యాయం జరగదు. జొన్న చేలల్లో మంచె మీద నిలబడి రాయి విసిరి పిట్టల్ని తోలడానికి వాడే తాడు ఇది, గొర్రెల కాపరుల చేతుల్లోనూ ఉండేది. 1946 నుంచి 51 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకులు లేని పల్లె జనం చేతిలో ఉన్నది వడిసెలే, ఆడవాళ్లు కూడా రాళ్లు నింపుకుని వడిసెల తిప్పారు. పిట్టల్ని తోలే తాడుకి ఆ తర్వాత మన ప్రాంతంలో పోరాటం అనే అర్థం వచ్చింది, ఇప్పటికీ ఉంది.

దీని తయారీలో ఒక చిన్న తెలివుంది. ఐదేసి మీటర్ల నూలు తాళ్లు మూడు తీసుకోండి. కొస నుంచి కాకుండా సరిగ్గా నడిమి నుంచి మొదలుపెట్టి, నాలుగు వేళ్ల పొడవున మూడు పాయల అల్లిక వేయండి. ఆ ముక్కని మడిచి రెండు కొసలూ కలపండి, వేలు దూరే ఉంగరం వస్తుంది. ఉంగరం కింద ఇప్పుడు మీ చేతిలో ఆరు పోగులుంటాయి. రెండేసి కలిపి మూడు పాయలు చేసుకుని ముప్పావు మీటరు దాకా అల్లండి. అక్కడ ఆగి, ఆరింటినీ మూడు మూడుగా విడదీసి, రెండు సన్న జడలు విడివిడిగా జానెడు లోపు అల్లండి. మళ్లీ ఆరూ కలిపి రెండేసి చొప్పున ఇంకో ముప్పావు మీటరు అల్లి కొసన గట్టి ముడి వేయండి. నడుమ రెండు జడల మధ్య వచ్చిన చీలికే రాయిని పట్టే ఒడి. రాయి జారుతోందనిపిస్తే ఆ రెండు జడల మధ్య అడ్డంగా దారం అటూ ఇటూ నాలుగు వరసలు కుట్టండి, చాలు.

ఉంగరం చూపుడు వేలికి లేదా నడిమి వేలికి తొడిగి, ముడి ఉన్న కొస బొటనవేలితో నొక్కిపట్టి తిప్పి, ముడిని వదలాలి. ఉంగరం వేలికే ఉండిపోతుంది, ఒడి తెరుచుకుంటుంది. రాయి ఎంత దూరం పోతుందో ముందే చెప్పలేం, ఎటు పోతుందో అసలే చెప్పలేం, అందుకే నేర్చుకునేటప్పుడు గుడ్డ ఉండ పెట్టి, మనుషులూ పశువులూ లేని ఖాళీ చేలో మాత్రమే. పిల్లల చేతికి రాయితో ఇవ్వొద్దు.

అట్టబిళ్ల మీద ఎనిమిది పోగులు

జపాన్‌లో తాడు అల్లడం పెద్ద కళ. దాన్ని కుమిహిమో అంటారు. సమురాయిల కవచం పలకల్ని ఒకదానికొకటి కట్టింది ఈ పట్టు తాళ్లే, కత్తి ఒరకి కట్టిందీ ఇవే. 1876లో మామూలుగా కత్తులు ధరించి తిరగడాన్ని నిషేధించాక ఆ పనివాళ్లకి ఆ గిరాకీ పోయింది, కిమోనో నడుముపట్టీ మీద కట్టే ఓబిజిమె అనే తాడు వాళ్ల పనిని నిలబెట్టింది. వాళ్లు చెక్క స్టాండ్ల మీద బరువులు వేలాడదీసి అల్లుతారు. మనం ఇంట్లో చేయడానికి గట్టి అట్టముక్క చాలు.

జానెడు కంటే కాస్త చిన్న గుండ్రటి అట్ట కత్తిరించండి, మందంగా లేకపోతే రెండు అతికించండి. అంతే సైజు కాగితం కత్తిరించి ఐదుసార్లు సగానికి మడవండి, విప్పితే 32 భాగాలు వస్తాయి. ఆ గీతల్ని బట్టి అట్ట అంచున 32 గాట్లు పెట్టండి, ఒక్కోటి సెంటీమీటరు లోతు. నడిమిలో బొటనవేలు దూరే కన్నం. ఎనిమిది పోగుల కొసలు కలిపి ముడి వేసి, ముడిని కన్నంలోంచి కిందకి దించి, దానికి గుడ్డలో మూట కట్టిన గుప్పెడు చిల్లర వేలాడదీయండి, ఆ బరువే అల్లికకి బిగువునిస్తుంది. పోగుల్ని పైన రెండు, కింద రెండు, కుడిన రెండు, ఎడమన రెండు, జంటలుగా పక్కపక్క గాట్లలో ఇరికించండి.

ఇప్పుడు చేయాల్సినవి మూడే. పై జంటలో కుడి పోగు తీసి కింద జంటకి కుడి పక్క గాటులో పెట్టండి. కింద జంటలో ఎడమ పోగు తీసి పై జంటకి ఎడమ పక్క గాటులో పెట్టండి. బిళ్లని పావు వంతు తిప్పండి, తర్వాతి జంట పైకి వస్తుంది. మళ్లీ అదే. ఎటు తిప్పడం మొదలుపెట్టారో చివరిదాకా అటే తిప్పండి. కొంతసేపటికి జంటలన్నీ మొదట ఉన్న చోటు నుంచి మెల్లగా పక్కకి జరుగుతాయి, కంగారుపడొద్దు, అవి జరగాల్సిందే.

మధ్యలో లేవాల్సి వస్తే మొదటి పోగు మార్చి, రెండోది మార్చకుండా ఆపండి. ఒక వైపు మూడు పోగులు ఉంటాయి కాబట్టి తిరిగొచ్చాక ఎక్కడ ఆపారో వెతుక్కోనక్కర్లేదు. జంటలన్నీ సరిగ్గా ఉన్నప్పుడు ఆపితే ఏ జంట వంతో గుర్తుండదు, ఒక్కసారి వంతు తప్పినా తాడు మీద ఆ చోట మచ్చ తెలుస్తుంది. నడిమి కన్నంలోకి తొంగి చూస్తే పోగులు కలిసే చోటు సరిగ్గా మధ్యలో ఉండాలి, ఒక పక్కకి పోతే ఆ పక్క పోగులు ఎక్కువ బిగిశాయి.

ఈ తాడు గుండ్రంగా, గట్టిగా, చూస్తే బజారు సరుకులా వస్తుంది. రంగుల చోట్లు మార్చి పెడితే మెలిక గీతలు, చుక్కలు, రకరకాలుగా పడతాయి. రాఖీకి, జడకుచ్చుల తాడుకి, ఐడీ కార్డు తాడుకి ఇది వాడి చూడండి. పదేళ్ల పిల్లలు కూడా బిళ్ల మీద బాగా అల్లుతారు, వేసవి సెలవుల్లో ఫోన్ పక్కన పెట్టించడానికి మంచి పని.

కొసలు

అల్లడం బాగా చేసి కొసలు వదిలేస్తే అంతా వృథా. నైలాన్, పాలిస్టర్ అయితే కొసని మంటకి దగ్గరగా చూపిస్తే కరిగి అంటుకుంటుంది, వేడిగా ఉండగా చేత్తో నొక్కకండి, చర్మానికి అతుక్కుని కాలుతుంది. నూలుకీ నారకీ మంట పనిచేయదు, దారం చుట్టాలి. గట్టి కుట్టుదారం తీసుకుని, ఒక కొస మడిచి ఉచ్చులా తాడు వెంట పెట్టండి. రెండో కొసతో తాడునీ ఉచ్చునీ కలిపి పక్కపక్కన ఎనిమిది, పది చుట్లు బిగించి చుట్టండి. చివరికి మిగిలిన దారాన్ని ఉచ్చులోంచి దూర్చి, మొదటి కొస లాగితే ఉచ్చు చుట్ల కిందకి వెళ్లి దాక్కుంటుంది. రెండు కొసలూ కత్తిరించేయండి. ముడి కనపడదు, విడిపోదు. దాని కింద పోగులు విడదీసి దువ్వితే అదే కుచ్చు.

తోరం, మొలతాడు

అర్థం విషయానికొస్తే మన దగ్గర ఎక్కువ భాగం అల్లికలో కాక పోగుల లెక్కలోనూ ముళ్లలోనూ ఉంటుంది. వరలక్ష్మీ వ్రతం తోరానికి తొమ్మిది పోగులు, తొమ్మిది ముళ్లు. కట్టుకునేటప్పుడు చెప్పే శ్లోకంలోనే నవసూత్రం అనీ, కుడిచేతికి కట్టుకుంటున్నాననీ ఉంటుంది. భాద్రపదంలో వచ్చే అనంత పద్మనాభ వ్రతానికి ఎర్రటి తోరం, పద్నాలుగు పోగులు, పద్నాలుగు ముళ్లు, ఆ వ్రతం పద్నాలుగేళ్లు చేసి ఉద్యాపన చేస్తారు. కార్తీకంలో కేదారేశ్వర వ్రతానికి ఇరవై ఒక్క పోగులు. జంధ్యానికి మూడు పోగులు, ఒక్కో పోగులో మళ్లీ మూడు పేటలు, శ్రావణ పౌర్ణమికి మారుస్తారు. తిరుమల బ్రహ్మోత్సవాల్లో ధ్వజస్తంభానికి చుట్టే దర్భ చాపా తాడూ అయితే దారంతో కాదు, గడ్డితోనే, ఏటా టీటీడీ అటవీ విభాగం వాళ్లు దర్భ కోసి, ఎండబెట్టి, శుభ్రం చేసి తయారుచేస్తారు.

అందుకే తోరాన్ని అల్లకండి. అందంగా ఉంటుందని జడలా అల్లితే ముళ్లకి చోటుండదు. పోగులన్నీ సమంగా పరిచి, తడి పసుపు రాసి, రెండు మూర్ల పొడవు పెట్టుకుని, ఒక్కో ముడిలో ఒక పువ్వు కాడ ఇరికిస్తూ బిగించండి. నడిమి ముడి ముందు వేసి అటు ఇటు సమానంగా పంచుకుంటూ వెళ్తే దూరాలు సరిగ్గా వస్తాయి. ఇరవై ఒక్క పోగులకి చాలా సన్నదారం తీసుకోండి, లేకపోతే ముళ్లు గోలీకాయల్లా తయారవుతాయి. రెడీమేడ్ తోరాలు అన్ని షాపుల్లో దొరుకుతున్నాయి నిజమే, కానీ పోగులు లెక్కపెట్టి కొనేవాళ్లు తక్కువ, లెక్కే ముఖ్యమైన చోట అది మన చేత్తో అయితేనే నాకు తృప్తి.

మొలతాడు మాత్రం అల్లితేనే బాగుంటుంది, పేనిన దానికి పురి విప్పుకుని పసివాళ్ల నడుం దగ్గర గీరుకుంటుంది. దిష్టి తగలకూడదని నల్లతాడు కడతారు, పండక్కో, గ్రహణం విడిచాకో కొత్తది మారుస్తారు. దిష్టి సంగతి అలా ఉంచితే దానికి ఇంకో పని కూడా ఉంది, తాడు బిగుతైందంటే బిడ్డ ఒళ్లు చేసిందని అమ్మమ్మలు దాన్ని బట్టే చెప్పేవాళ్లు. మెత్తటి నూలుతో నాలుగు పాయల అల్లిక వేయండి. రెండు వేళ్లు సులువుగా దూరాలి, వారానికోసారి చూసి వదులు చేయాలి. మువ్వలూ తాయెత్తులూ గుచ్చితే ఊడి నోట్లో పడకుండా గట్టిగా కుట్టండి, అనుమానంగా ఉంటే అసలు గుచ్చొద్దు. పసిపిల్లల మెడకి మాత్రం ఏ తాడూ కట్టకండి, ఎంత సన్నదైనా సరే, నిద్రలో దేనికైనా తగులుకుంటే బిగుసుకుంటుంది. చేతికి కట్టినది కూడా బిగుతైందేమో రోజూ స్నానం చేయించేటప్పుడు చూడాలి.

చివరిగా బరువు గురించి. ముడి వేసిన చోట ఏ తాడైనా బలం కోల్పోతుంది, ముడిని బట్టి సగం దాకా పోవచ్చు, కాబట్టి తాడు తెగేది ఎక్కువగా ముడి పక్కనే. ఇంట్లో అల్లిన తాడుకి కుండీ వేలాడదీయండి, ఉట్టి కట్టండి, బట్టలు ఆరేయండి. మనిషి బరువు మోసే దేనికీ వాడొద్దు, ఊయలకి కూడా వద్దు. కొండలెక్కేవాళ్లు వాడే తాళ్లకి లోపల పొడుగు పోగుల గుండె, పైన అల్లిన తొడుగు ఉంటాయి, 1953లో ఎడెల్‌రిడ్ అనే జర్మన్ కంపెనీ తెచ్చిన పద్ధతి అది, బరువు ఎక్కువగా లోపలి పోగులు మోస్తాయి, రాపిడి తొడుగు భరిస్తుంది. తరతరాలుగా మోకు అనే తాడు సాయంతో తాటిచెట్లెక్కిన గీత కార్మికుల కోసం కూడా తెలంగాణ ప్రభుత్వం 2024లో కాటమయ్య రక్షా కవచం పేరుతో సేఫ్టీ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. ప్రాణం వేలాడే చోట పరీక్షించి ముద్ర వేసిన తాడే కొనాలి.

వేలాడదీసిన ఇంటి తాళ్లని నెలకోసారి చేత్తో తడిమి చూడండి. ఒక చోట మెత్తబడినా, పొట్టు రాలినా, ఒక పాయ నలిగి మెరుస్తున్నా ఆ చోట కత్తిరించి, మంచి భాగాన్ని చిన్న పనికి వాడేసుకోండి. నూలు తాళ్లు ఉతికితే పిండకుండా, వేలాడదీయకుండా, నీడలో పరిచి ఆరబెట్టండి.